జెండా పాట ధర

నవంబర్ 3, సోమవారం

పురుగుమందుల కంపెనీ వాడు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. పది నెలలు ఖాళీగా పడి ఉంది. దుకాణం చిట్టాలో రాయలేనివి ఇక నుంచి ఇందులో రాస్తాను. ఎవరూ చదవనక్కర్లేదు. ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

ఈ రోజు షేర్లలో రెండు వేల మూడు వందలు వచ్చాయి. తొమ్మిదింబావుకు మార్కెట్ తెరవగానే అమ్మాను, మధ్యాహ్నం ధర తగ్గాక కొన్నాను. ముందు అమ్మి తర్వాత కొనడమేమిటని నా కూతురు దీప నోరు వెళ్ళబెట్టింది. ఫార్మసీ చదువుతున్న పిల్ల, ఫోన్‌లో యాప్ వేసిచ్చింది కూడా తనే. "నీ దగ్గర లేనిది ఎట్ల అమ్ముతవమ్మా?" అంది. నాకు నవ్వొచ్చింది. ఏనుమాముల మిర్చి యార్డులో ఏడేళ్ళుగా అడ్తి దుకాణం నడుపుతున్నదాన్ని. రైతు మిర్చి తెస్తాడు, ఖరీదుదారు కొంటాడు, మధ్యలో అమ్మి పెట్టినందుకు నాకు కమీషన్. ఒక్క కాయ నాది కాదు. నాది కానిది అమ్మడం నాకు కొత్తా?

నా సూత్రం ఒక్కటే. జెండా పాట. రోజూ ప్రొద్దున యార్డులో జెండా ఎత్తి, అన్నిటికంటే మంచి రాశికి వేలం పాడతారు. ఆ ధర దాటి ఆ రోజు ఒక్క బస్తా పోదు. అక్కడి నుంచి కిందికే. షేర్లకూ ప్రొద్దుటి ధరే జెండా పాట. ఆ ధరకు అమ్ము, దిగాక కొను. దీనికి సూటు వేసుకుని టీవీలో గీతలు గీయాలా?

సాయంత్రం హరికృష్ణ వచ్చాడు. మా ఆయన మల్లికార్జున్‌కు తమ్ముడు. ఆయన చనిపోయిన పదకొండో రోజునే, దుకాణం తన పేర రాయమన్న మహానుభావుడు. నా ఫోన్ చూసి, "గిదెందుకు వదినా నీకు? గది ఆడోళ్ళ పని కాదు" అన్నాడు.

"అడ్తి కూడ ఆడోళ్ళ పని కాదన్నవ్ గద మరిదీ," అన్నాను. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. పాలు మిగిలాయి.

నవంబర్ 6

మూడు వేల ఒక వంద.

నవంబర్ 14, శుక్రవారం

మా దుకాణానికి మిర్చి తెచ్చే కట్టయ్య మామ వచ్చాడు. ధర్మసాగర్ అవతల ఊరు. చెరువు కళ్ళ ముందే ఉంటుంది, ఆయన చేను మాత్రం మిట్ట, నీళ్ళెక్కవు. పోయిన వేసవిలో ధర పడిపోతే నలభై బస్తాల తేజ మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. ఆ బాండు కాగితం నా బీరువాలో ఉంది. ఇంట్లో పెట్టుకో మామా అంటే వినలేదు. "నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే గదనే" అన్నాడప్పుడు.

ఈ రోజు అడిగాను, ఎప్పుడు అమ్ముదామని.

"క్వింటాలు పదహారు వేలు దాటినంక చూద్దాం బిడ్డా. నాకిప్పుడు తొందరేం లేదు. ఎండకాలం ముంగట బోరు ఏపిచ్చుకోవాలె. గప్పటికి అయితే చాలు."

ఈయన సంగతి ఇక్కడ రాసి పెట్టుకోవాలి. మా ఆయన పోయాక నేను షట్టర్ తీసిన మొదటి వారం, యార్డులో ఒక్కడూ నా ముందు బస్తా దింపలేదు. అయిదో రోజు కట్టయ్య మామ ట్రాలీ ఆటో మా దుకాణం ముందర ఆగింది. హమాలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, "దింపుండ్రి, ఏం జూస్తాండ్లు? మిర్చికి ఆడామె అమ్ముతాందో మొగాయన అమ్ముతాండో తెలుస్తదా?" అని గట్టిగా అన్నాడు. మర్నాటి నుంచి రైతులు రావడం మొదలైంది. ఆ సీజను కమీషన్‌తోనే ఈ నాలుగు బంగారు గాజులు చేయించుకున్నాను, నవ్విన వాళ్ళందరికీ వినపడాలని.

ఈ రోజు షేర్లు: నాలుగు వేలు.

నవంబర్ 24, సోమవారం

ఈ నెల మొత్తం అరవై రెండు వేలు. కమీషన్ మీద ఇంత మిగలాలంటే ఎంత కారం పీల్చాలి, ఎన్ని తుమ్ములు తుమ్మాలి!

జెండా పాటకు వెళ్ళలేదు. అది సాగే వేళకే షేర్లూ తెరుచుకుంటాయి. ఏడేళ్ళలో మొదటిసారి. జెండా దగ్గర నేను లేకపోతే ఏమీ మునగలేదు, పాట పాటే. సోమక్క అడిగింది, "ఏందక్కా, జెండకాడ అగుపడలే, పానం బాగలేదా?" అని. సోమక్క యార్డులో తెల్లబడ్డ తాలు కాయలు ఏరే మనిషి. పానం బ్రహ్మాండంగా ఉందని చెప్పాను.

డిసెంబర్ 4, గురువారం

షేర్లలో ముప్పై ఒక్క వేలు పోయాయి. జెండా పాటకు అమ్మాను, అది దిగలేదు, ఎక్కుతూనే ఉంది. మధ్యాహ్నం మూడింటి దాకా దిగుతుందనే చూశాను. ఒక రోజు తప్పుతుంది. యార్డులో మాత్రం తప్పదా? (తప్పదు. యార్డులో ఎన్నడూ తప్పలేదు. సరే.)

డిసెంబర్ 5

రాయను.

డిసెంబర్ 9, మంగళవారం

పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని పెద్దలు ఊరికే అనలేదు. దుకాణం ఖాతా నుంచి రెండు లక్షలు వేశాను. ఖరీదుదార్లు నాకు ఇచ్చేలోపే రైతులకు చేతిలో పెట్టే డబ్బు అది. వారంలో తిరిగి పెట్టేస్తాను. యాప్ వాడు అయిదింతలు ఆడనిస్తాడు. అంటే పది లక్షల సరుకు. ఈ యార్డులో నాకు అయిదింతలు నమ్మి ఎవరిచ్చారు? హరికృష్ణ ఇచ్చాడా?

అన్నం తింటుంటే దీప కంచం ముందు నుంచి ఫోన్ లాక్కుంది. "మూడు సార్లు పిలిచిన అమ్మా" అంది. వినలేదన్నాను. నిజంగానే వినలేదు.

డిసెంబర్ 11, గురువారం

ప్రొద్దున అమ్మాను. పదిన్నరకల్లా ధర ఆ రోజుకు ఎక్కగలిగినంత ఎక్కి ఆగిపోయింది. ఇక అమ్మేవాడే లేడు. తిరిగి కొనాలంటే ఎవరో ఒకరు అమ్మాలి కదా! నేను అమ్మిన సరుకు నా దగ్గర లేదు, కొందామంటే బజారులో లేదు. మూడున్నరకు మార్కెట్ మూసేశారు. అప్పుడు నేను దుకాణంలోనే ఉన్నాను. ఎదురుగా ఇద్దరు రైతులు కాంటా కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళ పేర్లు గుర్తు రాలేదు.

డిసెంబర్ 15, సోమవారం

నేను ఇవ్వాల్సిన షేర్లను ఎక్స్‌ఛేంజీ వాళ్ళే వేలంలో కొని, ఆ ధరా, పైన జరిమానా కలిపి నా ఖాతాలో కోసేశారు. అక్కడా వేలమే ఉందట. ఇన్నాళ్ళూ నాకు తెలియదు. ఏడేళ్ళు వేలాలు పాడించిన దాన్ని, నా మీద వేలం పాడారు, నేను అక్కడ లేను కూడా.

రెండు లక్షలూ పోయాయి. నవంబర్‌లో వచ్చినవి ఎప్పుడో పోయాయి.

ఏడవలేదు. ఏడిస్తే హరికృష్ణకు పండగ.

డిసెంబర్ 17, బుధవారం

రేపు ఆరుగురు రైతులకు డబ్బులివ్వాలి. దుకాణం ఖాతాలో లేవు. ఇవ్వకపోతే ఎల్లుండికి యార్డంతా తెలుస్తుంది, ఆ తర్వాత నా ముందు ఆటో ఆగదు.

కట్టయ్య మామ నలభై బస్తాలు అమ్మాను. పన్నెండు వేల ఎనిమిది వందలకు.

ఇది తాత్కాలికం. ధర ఇంకా పడుతుందని యార్డులో అందరూ అంటున్నారు. పదకొండు వేలకు పడ్డాక అవే బస్తాలు కొని పెడితే, ఆయన బస్తాలు ఆయనకుంటాయి, మధ్యలో తేడా నాకు మిగులుతుంది. ఇందులో నష్టపోయిందెవరు? అడ్తి మనిషి రైతు సరుకు అమ్మడం లోకంలో లేని వింతా?

డిసెంబర్ 18

కట్టయ్య మామకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

డిసెంబర్ 19

చేయలేదు. నిన్న ఫోన్ చేయలేదు. నా డైరీలో నేనే అబద్ధం రాసుకునే దాకా వచ్చానా? ఎవరు చదువుతారని!

డిసెంబర్ 29, సోమవారం

తేజ జెండా పాట పద్నాలుగు వేల ఎనిమిది వందలు. ఇదంతా ఖరీదుదార్ల ఆట. దిగుతుంది.

జనవరి 5, సోమవారం

పదహారు వేల రెండు వందలు.

డైరీ అయిపోయింది. వెనక నోట్స్ అని గీతలు కొట్టిన పేజీల్లో రాస్తున్నాను. ఈ ఏడాది డైరీ కంపెనీ వాడు ఇంకా తేలేదు. నాకు ఇస్తాడో లేదో కూడా తెలియదు.

జనవరి 8, గురువారం

కోల్డ్ స్టోరేజీ గుమాస్తా అద్దె లెక్క కోసం ఇంటికి ఫోన్ చేస్తే దీప ఎత్తింది. కట్టయ్య బస్తాలు డిసెంబర్‌లోనే పోయాయి కదా, ఆ అద్దె మిగిలిందన్నాడట. నేను వచ్చేసరికి పిల్ల వంటింట్లో నిలబడి ఉంది.

"కట్టయ్య తాతవి అమ్మినవా? తాతకు చెప్పినవా?"

"అడ్తి సంగతులు నీకెందుకే?"

"నాకెందుకా? నీ ఫీజులకు ఫికర్ చేయకు, నేను ఉన్న అంటవ్. యాడున్నవమ్మా నువ్వు? నవంబర్ కెళ్ళి నువ్వు నాతోని ఒక్క దినం మంచిగ మాట్లాడినవా? బస్సు చార్జీ అడిగితే ఫోన్ దిక్కే చూసుకుంట తలూపినవ్. గది ఊపుడు అవునో కాదో తెల్వక నేను నా దోస్తు దీక్ష వాళ్ళ స్కూటీ మీద పోయిన."

నేను అరిచాను. ఏం అరిచానో రాయను. నీ కోసమే అన్నాను, అది మాత్రం గుర్తుంది. దీప ఒక్క మాటంది, "నా కోసమైతే నాకు చెప్పి చేసేదానివి." తలుపు వేసుకుంది.

ఇంతకాలం నష్టం అంటే యాప్‌లో ఎర్రగా కనపడేదే అనుకున్నాను. ఎర్రగా కనపడనివి ఎన్ని పోయాయో ఈ రోజు కూర్చుని తలుచుకున్నాను. కాంటా దగ్గర ఇద్దరు రైతుల పేర్లు. జెండా దగ్గర నా చోటు. బస్సు చార్జీకి అవునో కాదో.

జనవరి 12, సోమవారం

జెండా పాట పద్దెనిమిది వేలు. పదకొండింటికి కట్టయ్య మామ ఫోన్.

"బిడ్డా, పదహారు ఎన్నడో దాటిందట గద! నా చెవిల ఎయ్యకపోతివి. సరే, నువ్వు ఆగినవంటే ఇంక పెరుగుతదనే ఆగుంటవ్. ఈ బుధారం కాక మీది బుధారం అస్తా, అమ్మేద్దాం. బోరు బండాయనకు మాటిచ్చిన. చేను ఎండుతాంది, కాయ దిగే యాళ్లకు నీళ్ళు లేకపోతే కష్టమైతది. జాతరకు మేడారం పోయచ్చేలోపు బోరు పడాలె."

"రా మామా" అన్నాను.

నేను ఆగానట. ఇంకా పెరుగుతుందని ఆగానట. ఈ మాటకు తిట్టినా బాగుండేది.

జనవరి 19, సోమవారం

హరికృష్ణకు అంతా తెలిసింది. కోల్డ్ స్టోరేజీ గుమాస్తా వాడి దోస్తు. వచ్చి కూర్చున్నాడు, ఈసారి టీ తాగాడు.

"గాబరా పడకు వదినా. బస్తాలకు తడి తగిలి కాయ తెల్లబడ్డదని చెప్పు. ముసలాయన పోయి చూస్తడా? తాలు రేటు కట్టి పంపియ్యి. ఇయ్యాల రేపు గివన్ని మామూలే."

"లేదంటే?"

"లేదంటే నేనిస్త పైసలు. బయట బోర్డు మీద పేరు మార్చుదాం. నువ్వే కూసో గల్లా మీద, నేనొద్దంటనా?"

ఏడేళ్ళ నుంచి వాడు అడుగుతున్నది ఇదే. ఒక్క క్షణం, నిజం రాస్తున్నాను, ఒక్క క్షణం నాకు తడి తగిలిన మాట నచ్చింది. నోటి దాకా వచ్చింది. అంతకంటే సిగ్గుచేటు ఇంకోటుంది. వాడు మాట్లాడుతుంటే నా బొటనవేలు యాప్ మీద ఉంది. రేపొక్క రోజు, ఒక్క రోజు పెద్దగా ఆడితే అంతా వచ్చేస్తుందేమో అనుకుంటున్నాను.

ఫోన్ గల్లా పెట్టెలో వేసి తాళం వేశాను.

"మరిదీ, పైసలు పోగొట్టుకున్నది నేను. తప్పు చేసింది నేను. అబద్ధం ఆడితే గది కూడ నేనే ఆడాలె. నాకింక బరువు మొయ్య శాతకాదు. నువ్వు ఇంటికి పో."

"రేపు నీ మొఖం ఎవడు జూస్తడు యార్డుల?"

"చూడకపోతే మానిరి. బోర్డు మీద పేరు మాత్రం పద్మలతే."

జనవరి 20, మంగళవారం

నాలుగు గాజులూ అమ్మాను. దీప నాతో వచ్చింది, నేను పిలవకుండానే. కంసాలి తూచేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. బస్సు టికెట్లు తనే తీసింది.

జనవరి 21, బుధవారం

రెండు నెలల తర్వాత జెండా దగ్గర నిలబడ్డాను. తేజ పందొమ్మిది వేల రెండు వందలు. చెవులారా విన్నాను. కట్టయ్య మామవి పోయిన ఏటి కాయలు, వాటికి జెండా ధర రాదని నాకూ తెలుసు. కాని జెండా ధరే కడదామని ముందే అనుకున్నాను. ప్రొద్దుటి ధరే పైమాట అని నమ్మి మునిగినదాన్ని, ఆ పైమాటే కట్టుకుంటాను. కమీషన్ కోయను. నా తప్పుకు నా జరిమానా.

తొమ్మిదిన్నరకు మామ వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. హమాలీలున్నారు, సోమక్క ఉంది, హరికృష్ణ కూడా తమాషా చూడటానికి వచ్చి స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. లోపలికి పిలిచి చెప్పొచ్చు. అక్కడే చెప్పాను, అందరూ వినేటట్టు.

"మామా, నీ నలభై బస్తాలు లేవు. డిసెంబర్‌ల నేనే అమ్మిన. నిన్ను అడగలే. షేర్లల్ల పైసలు పోగొట్టుకొని నీ మిర్చి అమ్మిన. గిది ఇయ్యాల జెండా ధర మీద లెక్క, తీసుకో."

కాంటా దగ్గర ఎవరో బస్తా దింపబోయి ఆగారు. నేను చాచిన డబ్బు సంచి కట్టయ్య మామ తీసుకోలేదు.

"ఎంతకమ్మినవ్?"

"పన్నెండు వేల ఎనిమిది వందలు."

చాలాసేపు నా చేతుల దిక్కు చూశాడు. గాజులు లేవని చూశాడో, ఊరికే చూశాడో. తర్వాత బల్ల ముందు కూర్చుని సంచి విప్పి, చీటీ మీద నా చేతే లెక్క వేయించాడు.

"పోయినేటి కాయ. పదిహేడు వేలు వస్తే శానా. పదిహేడు మీద కట్టు. కమీషన్ కొయ్యి."

"నాకు కమీషన్ వద్దు మామా. జెండా ధర నేనే ఇస్తాన..."

"నువ్విస్తే? నాది కానిది నాకెందుకే?"

ఎక్కువైన నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. కమీషన్ కూడా పెట్టాడు. మిగిలినవి తువ్వాలులో చుట్టి నడుముకు కట్టుకున్నాడు. లేచాక అన్నాడు, మెల్లగా.

"అవుసరముంటే నన్ను ఒక్క మాట అడగొద్దా బిడ్డా? అమ్ముకొమ్మందును గద."

అంతే. వెళ్ళిపోయాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. శిక్ష కూడా నాకు నచ్చినంత వేసుకోనివ్వలేదు ముసలాయన. అడిగితే ఇచ్చేవాడట. అడగడం అనే దారి ఒకటుందని రెండు నెలల్లో ఒక్కసారి నా బుర్రకు తట్టలేదు. షట్టర్ దించేసి లోపల కూర్చుని ఏడ్చాను. హరికృష్ణకు వినపడేంత గట్టిగానే ఏడ్చాను. పండగ చేసుకోనీ.

జనవరి 28, బుధవారం

జాతరకని యార్డు బంద్. ఊరంతా మేడారం దారిలో ఉంది. వీధిలో బెల్లం తూకాలు. అమ్మవార్లకు నిలువెత్తు బంగారం అని ఇచ్చేది ఆ బెల్లమే కదా. ఎదురింటి సావిత్రి ఒక పక్క కూర్చుని, రెండో పక్క బెల్లం దిమ్మలు పెట్టించుకుంటూ నవ్వుతోంది. దీపా నేనూ గడపలో నిలబడి చూశాం. నువ్వు ఎక్కితే రెండు దుకాణాల బెల్లం కావాలమ్మా అని దీప నన్ను వెక్కిరించింది. నెల రోజుల తర్వాత వెక్కిరించింది.

యాప్ తీసేశాను. తీసేశాను అని రాయగలగడానికి వారం పట్టింది. రెండు సార్లు తీసి మళ్ళీ వేసుకున్నాను.

ఫిబ్రవరి 9, సోమవారం

కొత్త పంట యార్డు నిండా. నా ముందు మూడు ఆటోలే ఆగాయి. పోయిన ఏడు ఈ రోజుల్లో రోజుకు పద్దెనిమిది. ఖరీదుదార్లు నమస్తే అంటూనే పక్క దుకాణానికి పోతున్నారు. పోనీ. నేను ఆరింటికే షట్టర్ తీశాను, బల్ల తుడిచాను, కాంటా సరి చూశాను. ముఖం దాచుకోవడానికి నాకు వేరే ముఖం లేదు.

పదింటికి కట్టయ్య మామ ఆటో వచ్చింది. బోరు పడిందట, నీళ్ళు పడ్డాయట, సోమక్క చెప్పింది. నేను లేచి నిలబడ్డాను. ఆటో నా ముందు నుంచి వెళ్ళి ఆరు దుకాణాల అవతల ఆగింది. అక్కడ దింపారు.

కూర్చున్నాను. చిట్టా తెరిచి ఏదో రాస్తున్నట్టు పెన్ను ఆడించాను.

కాసేపటికి నా బల్ల మీద తువ్వాలు పడింది. తల ఎత్తితే కట్టయ్య మామ. తువ్వాలు విప్పి గుప్పెడు కాయలు ముందు పోశాడు.

"చెయ్యి పెట్టి చెప్పు."

ఒక కాయ విరిచాను. తొడిమె దగ్గర నలిపాను, వాసన చూశాను. రంగు మంచిదే. కాని విరిచినప్పుడు చప్పుడు సరిగా రాలేదు.

"లోపల తడి ఉంది మామా. ఇయ్యాల అమ్మితే రెండు వేలు కోస్తరు. రెండు దినాలు ఎండల ఆరబొయ్యి, బుధారం జెండకు పెట్టు."

తలూపాడు. అవతలి అడ్తి వాళ్ళు అప్పటికే కాంటా సిద్ధం చేస్తున్నారు. అది చూసి నాకు నోరు ఆగలేదు.

"నా మాట మీద ఆగుతవా మామా?"

"మాట నీదే తీసుకుంట బిడ్డా. బస్తాలు మాత్రం ఆడనే ఉండనియ్యి."

కాయలు తువ్వాలులోకి ఊడ్చుకుని వెళ్ళాడు. ఆరు దుకాణాల అవతల కాంటా ఆపించాడు. బస్తాలు విప్పి ఎండలో పోయించాడు. అక్కడి అడ్తిదారు నా దిక్కు కోపంగా చూశాడు. నేనూ చూశాను, ఎందుకు చూడను?

సాయంత్రం షట్టర్ దించబోతుంటే చిట్టా కింద మూడు కాయలు కనపడ్డాయి. కట్టయ్య మామ ఊడ్చుకున్నప్పుడు జారినవి. కూరలో వేస్తే ఒక్క పూటకు చాలవు. కాగితంలో చుట్టి గల్లా పెట్టెలో పెట్టాను. నావి కావు. రేపు ప్రొద్దున జెండా పాట అయ్యాక, అందరూ చూస్తుండగా ఆరు దుకాణాలూ నడిచి వెళ్ళి ఇచ్చి వస్తాను.